జూన్ వాన, అక్టోబరు గాలి: పర్లాకిమిడి వైపు ఇంటికప్పుకి ఏ పని చేయించాలి?

మే నెల వచ్చిందంటే ఒడిశాలోని మా పర్లాకిమిడి హార్డ్‌వేర్ షాపుల్లో ఒకటే బేరం. ఒకాయన తెలుగులో "శ్లాబు కారతంది, ఏం వెయ్యమంటారు?" అంటాడు. పక్కనే ఇంకొకాయన ఒడియాలో "ఛాత" అని అదే మాట మొదలుపెడతాడు. షాపతను ఇద్దరికీ అదే తెల్ల బకెట్టు చూపిస్తాడు.

నేనూ అలా ఒక బకెట్టు కొన్నవాణ్ణే. ఏప్రిల్ ఆఖర్లో కాలవైశాఖి గాలివాన కొట్టిన రెండు రోజులకి, పైన ఆరినట్టే ఉంది కదా అని పూత వేయించేశాను. జూలైకల్లా అది అప్పడంలా పొంగింది, వేలితో లాగితే ఊడొచ్చింది. గది మూల మళ్ళీ కారింది. తర్వాత వచ్చిన ముసలి మేస్త్రి పైకెక్కి ఐదు నిమిషాలు అటూ ఇటూ తిరిగి, "బాబూ, మీరు రంగు ఏసింది ఒక చోట, నీరు దిగుతంది ఇంకో చోట" అన్నాడు. నీళ్ళ ట్యాంకు నుంచి కిందికి వచ్చే గొట్టం శ్లాబులోకి దిగే చోట చుట్టూ ఉన్న సిమెంటు విడిపోయింది. అరకిలో సరుకుతో అయ్యే పని అది. నేను ఇల్లంతా పూత వేయించాను.

కాబట్టి ఏ కంపెనీ మంచిదన్న ప్రశ్నను కాసేపు పక్కన పెడదాం. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఇంటికప్పు ఏడాదికి రెండు పరీక్షలు రాయాలి. జూన్ రెండో వారం నుంచి సెప్టెంబరు దాకా నానబెట్టే వాన మొదటిది. అక్టోబరు గాలి రెండోది. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మరుసటి ఏడాది అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి జోరు గంటకు 165 కిలోమీటర్ల దాకా వెళ్ళింది, పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా అంతా అల్లకల్లోలమైంది. 2021లో గులాబ్ సెప్టెంబరు 26కే కళింగపట్నం దగ్గరికి వచ్చేసింది. అందుకే వానకి పనికొచ్చే ప్రతిదాన్నీ గాలికి కూడా నిలబెట్టి చూడాలి. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్నవాళ్ళ సలహా మనకి సగమే పనికొచ్చేది ఇందుకే.

ఏం చూసుకోవాలి

ఖర్చు సంగతి అందరికీ ముందే గుర్తొస్తుంది కాబట్టి దాన్ని చివరికి నెడుతున్నాను. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి ఇవి.

కప్పు మీద నీరు నిలుస్తుందా, పోతుందా? వెయ్యి చదరపు అడుగుల శ్లాబు మీద ఒక్క అంగుళం నీరు నిలిచినా దాదాపు 2,360 లీటర్లు, అంటే రెండు టన్నులకు పైగా బరువు. ఏ పూతా రోజుల తరబడి మునిగి ఉండడానికి ఇష్టపడదు. శ్లాబుకి పది అడుగులకు అంగుళంన్నర చొప్పున వాలు ఉంటే చాలు. నాలుగంగుళాల గొట్టం ఒకటి జోరువానలో సుమారు 400 నుంచి 450 చదరపు అడుగుల నీటిని మోయగలదు. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి ఒక్కటే గొట్టం పెట్టి, దాని మూతికి మామిడాకు అడ్డం పడితే, పైన ఎంత మంచి పూత వేసినా వృథా.

పని జరిగే రోజుకి కప్పు పొడిగా ఉంటుందా? కొన్ని సరుకులకు పొడి కావాలి, కొన్నింటికి తడి కావాలి. నేను దెబ్బతిన్నది ఇక్కడే, కింద వివరంగా చెప్తాను.

ఎండని తట్టుకుంటుందా? రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు పెద్దలు. మే ఆఖరి ఎండకి శ్లాబు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. వేసిన పొర కూడా దాంతో పాటు సాగాలి, లేకపోతే పగులు మళ్ళీ అదే గీత మీద తెరుచుకుంటుంది.

గాలికి ఎగురుతుందా? పాత కప్పు దాని బరువు మోయగలదా? రెండు మూడేళ్ళలో పై అంతస్తు కట్టే ఆలోచన ఉందా? చేసే మనిషి మన ఊళ్ళో దొరుకుతాడా, బయటినుంచి రావాలా? ఈ నాలుగింటికీ జవాబు ఎవరింటికి వాళ్ళు చెప్పుకోవాల్సిందే.

నీరు ఎక్కడినుంచి దిగుతోంది

చుక్క పడే చోటుకీ నీరు దిగే చోటుకీ చాలాసార్లు సంబంధం ఉండదు. శ్లాబు పోసేటప్పుడు లోపల వేసిన కరెంటు గొట్టాల వెంట నీరు పాకి, ఫ్యాను కొక్కెం దగ్గరో లైటు దగ్గరో బయటపడుతుంది. అలా పడుతుంటే మొదట ఆ గది కరెంటు కట్టేయండి, తర్వాత మిగతా వెతుకులాట.

నా అనుభవంలో అనుమానించాల్సిన చోట్లు వరసగా చెప్తాను. పిట్టగోడ శ్లాబుని తాకే మూల. గొట్టాలు శ్లాబులోకి దిగే కంతలు. నీళ్ళు పోయే మూతి చుట్టూ. మెట్ల గది గోడ అడుగు. ఇంకొకటి, మన వైపు దాదాపు ప్రతి డాబా మీదా కనిపించేది: పై అంతస్తు కోసం వదిలేసిన ఇనుప చువ్వలు. పదేళ్ళు ఎండకీ వానకీ అలా నిలబడి ఉంటాయి. తుప్పు పట్టి, చుట్టూ ఉన్న కాంక్రీటుని నెడతాయి. ఆ సందులోంచి నీరు నేరుగా దూలంలోకి వెళ్తుంది. శ్లాబు మధ్యలో పగులు ఈ జాబితాలో చివర్న వస్తుంది.

లోపలి వైపు నుంచి ఒక పరీక్ష ఉంది. సీలింగు మీద సుత్తితో మెల్లగా కొట్టండి. డొల్ల చప్పుడు వచ్చినా, గోధుమ రంగు మరక చారలుగా దిగినా, పెళ్ళలు రాలి చువ్వ కనిపించినా, అది పూతతో పోయే జబ్బు కాదు. లోపలి ఇనుము తుప్పు పడుతోంది. ఇంజినీరుని పిలవాలి. అలాంటి శ్లాబు మీద పరీక్ష కోసమని నీళ్ళు కట్టి నిలబెట్టకండి, ఉన్న బరువే ఎక్కువ దానికి.

శ్లాబు ఇళ్ళకి ఉన్న దారులు

మన షాపుల్లో దొరికేవీ, మేస్త్రులు చెప్పేవీ కలిపి చూస్తే ఐదు దారులున్నాయి. ముందు పట్టిక, తర్వాత దాని వెనక కథ.

| దారి | వేసేటప్పుడు శ్లాబు | నీరు నిలిస్తే | పెనుగాలిలో | సుమారు ఎన్నేళ్ళు |
|---|---|---|---|---|
| తెల్ల అక్రిలిక్ పూత | పూర్తిగా ఆరాలి | ఓర్చుకోదు | భయం లేదు | 3–5 |
| పాలిమర్ కలిపిన సిమెంటు పూత | కొద్దిగా తడి ఉండాలి | కొంత ఓర్చుకుంటుంది | భయం లేదు | 3–5 |
| తారు షీటు | పూర్తిగా ఆరాలి | బాగా ఓర్చుకుంటుంది | అతుకు సరిగ్గా పడితే భయం లేదు | 8–10 |
| ఇటుక ముక్కల వాలు పొర | తడిపి వేస్తారు | వాలే నీటిని పంపేస్తుంది | భయం లేదు | 15 పైన |
| పైన రేకుల షెడ్డు | ఎలా ఉన్నా ఫర్వాలేదు | నీరు శ్లాబుని తాకదు | అసలు భయం ఇక్కడే | బిగింపుని బట్టి |

ఏళ్ళ లెక్క పని బాగా జరిగితేనే. బాగా జరగకపోతే మా ఇంట్లో లాగా రెండు నెలలు.

*అక్రిలిక్ పూత.* ఎక్కువమంది కొనేది ఇదే, తప్పు లేదు. రబ్బరులా సాగుతుంది, తెల్లగా ఉండి ఎండని వెనక్కి కొడుతుంది, కింద గది కాస్త చల్లబడుతుంది. ఇంట్లో కుర్రాళ్ళు బ్రష్షుతో వేసేయగలరు. రెండు పూతలకి లీటరు సరుకు సుమారు 20 నుంచి 30 చదరపు అడుగులకి వస్తుంది. "లీటరుకి నూరడుగులు" అని ఎవరైనా చెప్తే నీళ్ళు కలుపుతున్నారని అర్థం. రెండో పూత మొదటిదానికి అడ్డంగా, అది ఆరాక వేయాలి.

దీనికున్న ఒకే ఒక షరతు పొడి. శ్లాబు పైపైన ఆరినా లోపల చెమ్మ ఉంటుంది. ఎండకి ఆ చెమ్మ ఆవిరై పైకొచ్చి పూతని పొంగిస్తుంది. ఇప్పుడు నేను చేసే పరీక్ష చాలా తేలిక. రెండడుగుల ప్లాస్టిక్ కాగితం ముక్కని నాలుగు వైపులా టేపుతో శ్లాబుకి అంటించి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున్న కింద వైపు చెమటలా నీటి చుక్కలుంటే ఇంకా ఆరలేదని లెక్క. ఈ ఒక్క పని చేసి ఉంటే నా డబ్బులు నాకు మిగిలేవి. ఇంకొకటి, నడి మధ్యాహ్నం కాలే శ్లాబు మీద పూత వేయకూడదు, అది పట్టుకోకముందే పైన తోలు కడుతుంది. పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఆపేయాలి.

*పాలిమర్ సిమెంటు పూత.* ఒక సంచిలో పొడి, ఒక డబ్బాలో పాల లాంటి ద్రవం, రెండూ కలిపి వేస్తారు. దీనికి శ్లాబు కొంచెం తడిగా ఉండాలి, నీళ్ళు నిలవకూడదు అంతే. జూన్‌లో రెండు వానలు పడ్డాక మేలుకునేవాళ్ళకి, అంటే మనలో చాలామందికి, ఇదే సరైనది. వేసిన తర్వాత ఒక రోజైనా వాన పడకుండా కాచుకోవాలి. అక్రిలిక్ అంత సాగదు కాబట్టి పెద్ద పగుళ్ళని ముందు విడిగా చూసుకోవాలి. పగులుని ఉలితో కొంచెం వెడల్పు చేసి, దుమ్ము ఊడ్చి, పాలిమర్ కలిపిన గట్టి సిమెంటు ముద్ద కూరి, అప్పుడు పూత. పిట్టగోడ మూలలో తొంభై డిగ్రీల సందుని వదలకుండా, చెయ్యి పెట్టి తుడిస్తే గుండ్రంగా తగిలేలా సిమెంటు పట్టీ కట్టించండి. పూత గోడ మీదికి ఒక అడుగైనా ఎక్కాలి. మేస్త్రులు ఎక్కువగా దాటేసే పని ఇదే, అడిగితే గానీ చేయరు.

*తారు షీటు.* మీటరు వెడల్పు, పది మీటర్ల పొడుగు చుట్టలుగా వస్తుంది, మూడు లేదా నాలుగు మిల్లీమీటర్ల మందం. గ్యాసు మంటతో కాల్చి అంటిస్తారు. పక్కపక్క షీట్లు నాలుగంగుళాలు, చివర్లు ఆరంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాలి. నీరు నిలిచే పాత శ్లాబుకి, వాలు సరిచేయించే వీలు లేనప్పుడు, దీన్ని మించింది లేదు. ఇబ్బందులు రెండు. నల్లగా ఉంటుంది కాబట్టి పైన రాతిపొడి పొర ఉన్న రకమో, వెండి రంగు పూతో లేకపోతే కింద గది కొలిమి అవుతుంది. రెండోది, వచ్చినవాళ్ళని గుడ్డిగా నమ్మలేం. మా ఊళ్ళో ఈ పని తెలిసినవాళ్ళు తక్కువ, బరంపురం నుంచో విశాఖ నుంచో రావాలి. చిన్న డాబాకి వాళ్ళని పిలిపిస్తే రానుపోను ఖర్చే తడిసి మోపెడవుతుంది. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు కలిసి పిలిపించుకుంటే గిట్టుబాటు.

*ఇటుక ముక్కల వాలు పొర.* ఇటుక ముక్కలు, ఇసుక, సిమెంటు వాలుగా పేర్చి, పైన నునుపు చేసి, గీతలు గీస్తారు. పాతకాలం వాళ్ళు సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపి ఇలాంటి పనే చేసేవారు. వాలు లేని శ్లాబుకి అసలైన మందు ఇది. బరువే దీని బాధ. సగటున నాలుగంగుళాల మందం వేస్తే చదరపు అడుగుకి ఇంచుమించు 18 కిలోలు, వెయ్యి అడుగులకి 18 టన్నులు. కొత్త శ్లాబు మీద ఇంజినీరు ఒప్పుకుంటే వేయించండి. ముప్ఫై ఏళ్ళ పాత డాబా మీద వద్దు. పర్లాకిమిడి పాతవీధుల్లో టేకు దూలాల మీద ఇటుకని నిలువుగా పేర్చి సున్నంతో కట్టిన పాతకాలం మిద్దెలు ఇంకా కనిపిస్తాయి. మీది అలాంటి ఇల్లయితే పైన సిమెంటు పొయ్యకండి. సున్నం కప్పు కదులుతుంది, సిమెంటు కదలదు, రెండూ పడక విడిపోతాయి. సున్నం పని తెలిసిన మేస్త్రిని వెతుక్కోవడమే దారి.

*పైన రేకుల షెడ్డు.* ఈ మధ్య మన వీధుల్లో డాబా మీద నీలం, ఎరుపు రేకుల షెడ్లు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. లాభాలు తెలిసినవే. శ్లాబు తడవదు, ఎండ తగలదు, బట్టలు ఆరేసుకోవచ్చు, అప్పడాలు పెట్టుకోవచ్చు, పెళ్ళికి భోజనాల పంక్తి వేయొచ్చు. జూన్ పరీక్షలో నూటికి నూరు మార్కులు. అక్టోబరులో? నాలుగు వైపులా తెరిచి ఉన్న షెడ్డు గాలికి గొడుగు లాంటిది. గాలి కిందికి దూరి పైకి ఎత్తుతుంది, పైనుంచి వెళ్ళే గాలి లాగుతుంది. తిత్లీ తర్వాత మా బంధువుల ఇంటి ముందు పడి ఉన్న రేకు వాళ్ళది కాదు, వెనక వీధి వాళ్ళది. అది మనిషి మీద పడలేదు కాబట్టి నవ్వుకుంటూ చెప్పుకుంటున్నాం.

షెడ్డే కావాలంటే నాలుగు విషయాల్లో బేరం ఆడకండి. స్తంభాల అడుగు పళ్ళేలు శ్లాబులోకి, వీలైతే కింద దూలం మీదికి, బోల్టులతో దిగాలి, ఊరికే సిమెంటు దిమ్మలో గుచ్చకూడదు. రేకు చూరు బయటికి ఒకటిన్నర అడుగు దాటకూడదు. అంచుల వరసలోనూ మూలల్లోనూ గాలి లాగుడు ఎక్కువ కాబట్టి అక్కడ ప్రతి గట్టుకీ ఒక స్క్రూ ఉండాలి. స్క్రూ రేకు గట్టు మీద, రబ్బరు వాషరుతో పడాలి, పల్లంలో పడితే అదే కొత్త కన్నం. ఇన్ని చేశాక ఆ షెడ్డు ఖర్చు తారు షీటు ఖర్చుని దాటిపోతుంది. నా మటుకు నాకు, వాన కోసమే అయితే షెడ్డు వద్దు, పైన నిజంగా ఆ చోటు వాడుకునే పని ఉంటేనే.

రేకుల ఇళ్ళు

సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దాని పొడి పీలిస్తే ఊపిరితిత్తులకి కీడు, క్యాన్సరు కూడా రావచ్చు. అందుకే పాత సిమెంటు రేకుని పొడిగా గీకడం, ఇనుప బ్రష్షుతో తోమడం, మిషనుతో కొయ్యడం చెయ్యొద్దు. నాచు పోవాలంటే తడిపి, మెత్తని చీపురుతో. మనిషి ఎక్కాల్సి వస్తే బోల్టుల వరస మీద పలక వేసుకుని నడవాలి, రేకు నడుం మీద అడుగేస్తే కింద నేల మీద ఉంటాడు.

సన్నటి పగులుకి తారు కలిపిన పట్టీ అతికించొచ్చు. ఒక రేకులో రెండు మూడు పగుళ్ళుంటే అతుకు దండగ, రేకు మార్చడమే మేలు. ఎక్కువ రేకులు మార్చాల్సి వచ్చినప్పుడు మాత్రం ఒకసారి ఆగి ఆలోచించండి: మళ్ళీ సిమెంటు రేకా, రంగు ఇనుప రేకా? సిమెంటు రేకు బరువుకి అంత తేలిగ్గా లేవదు, వాన చప్పుడు తక్కువ, కానీ కొబ్బరికాయ పడితే పగులుతుంది. ఇనుప రేకు పగలదు, తేలిక, మధ్యాహ్నం గది ఉడుకుతుంది, గాలికి లేస్తుంది. చెట్ల కింద ఇల్లయితే ఇనుము. ఇనుప రేకు తీసుకుంటే అర మిల్లీమీటరుకి దగ్గరగా ఉన్న మందం అడగండి. పల్చటి రేకు స్క్రూ చుట్టూ చిరిగి, స్క్రూ ఉన్న చోటే ఉండిపోయి రేకు మాత్రం ఎగిరిపోతుంది.

ఉన్న రేకుల ఇంటికి వానకాలం ముందు చేయాల్సిన చౌక పని ఒకటే ఉంది: ఎండిపోయి పగిలిన వాషర్లన్నీ మార్చడం. కారే రేకుల ఇళ్ళలో ఎక్కువ భాగం ఈ ఒక్క పనితో ఆగిపోతాయి.

పెంకుటిళ్ళు

కాశీనగర్ వైపు మా పెద్దమ్మ ఇల్లు బంగాళాపెంకు. ఆవిడ ఏటా అడిగే ప్రశ్న ఒకటే: "ఏరా, ఈ ఏడు పెంకు తీసి రేకు ఏయించేద్దామా?" నేను ఏటా వద్దంటాను. పెంకుటింట్లో మే నెలలో పడుకున్నవాళ్ళెవరూ రేకు మాట ఎత్తరు. పైగా పెంకు బాగుచేయడానికి సరుకు కొనాల్సింది తక్కువ, మనిషి పనే ఎక్కువ.

పెంకు కారిందంటే మూడు కారణాల్లో ఒకటి. జారి ఉంటుంది, పగిలి ఉంటుంది, లేదా కప్పు వాలు చాలదు. పది అడుగుల పొడుగుకి నాలుగున్నర, ఐదడుగుల ఎత్తు ఉంటే నీరు ఆగకుండా పోతుంది. అంతకంటే చదునుగా ఉంటే ఎదురుగాలికి నీరు పెంకుల సందులోంచి లోపలికి ఎక్కుతుంది. దానికి కొత్త పెంకు వేసినా ఫలితం ఉండదు. జారడానికి వాసాలో రీపర్లో పుచ్చడం కారణమైతే ముందు వాటి సంగతి చూడాలి. ఇక కోతులు. మహేంద్రగిరి కొండల నుంచి దిగిన గుంపు ఒక్క పూటలో నలభై పెంకులు కదిలించగలదు. దీనికి మందు నా దగ్గర లేదు, వల కట్టినవాళ్ళున్నారు, అదీ చింపేశాయి.

పెంకుల కింద ప్లాస్టిక్ కాగితం పరిస్తే కారడం వెంటనే ఆగుతుంది. చాలామంది అదే చేస్తున్నారు. కానీ గాలాడక కర్రకి చెమ్మ పట్టి, నాలుగైదేళ్ళలో రీపర్లు పుచ్చుతాయి. ఈ ఏడాదికి గట్టెక్కాలంటే సరే, అలాగే వదిలేయడానికి మాత్రం కాదు.

అక్టోబరు కోసం: చూరు వైపు మొదటి రెండు వరసల పెంకుల్ని జింకు తీగతో రీపరుకి కట్టించండి. కొప్పు పెంకుల్ని సిమెంటుతో కూర్చోబెట్టించండి. కప్పు మీద నాలుగైదు అడుగులకి ఒకటి చొప్పున, కొప్పు నుంచి చూరుదాకా సన్నటి సిమెంటు పట్టీలు కట్టిస్తే మధ్య పెంకులు కూడా లేవవు. నాటు పెంకుకి తీగ పని కుదరదు, సిమెంటు పట్టీలే దిక్కు. కప్పంతా సిమెంటు పూసేవాళ్ళు కూడా ఉన్నారు, అది చేయొద్దు. మరుసటేడు ఒక్క పెంకు మార్చాలన్నా పదింటిని పగలగొట్టాలి.

తాటాకు, గడ్డి ఇళ్ళకి ఎంపికలు ఎక్కువ లేవు. నేయించాలి, పైన చేపల వలో తాళ్ళో కట్టి నేలలో గట్టి మేకులకి బిగించాలి.

ఎవరికి ఏది

రెండు మూడేళ్ళలో పై అంతస్తు వేసేవాళ్ళు తారు షీటుకి, ఇటుక పొరకి డబ్బు పెట్టకండి, పగలగొట్టాల్సిందే కదా. పాలిమర్ సిమెంటు పూత చాలు. మిగిలిన డబ్బుతో బయట ఉన్న చువ్వలకి తుప్పు తోమించి, సిమెంటు పాలు పూయించి, ఒక్కొక్క గుంపుకీ సిమెంటు తక్కువ కలిపిన కాంక్రీటు దిమ్మ కట్టించండి. కట్టే రోజు దిమ్మ కొట్టేస్తే చువ్వలు కొత్తవాటిలా బయటికొస్తాయి.

ఇల్లు కట్టడం ఇప్పట్లో లేదు, ఉన్నదే పదికాలాలు ఉండాలి అనుకునేవాళ్ళకి, శ్లాబు గట్టిగా ఉంటే, తారు షీటు. వాలు బాగా ఉన్న డాబా అయితే అంత అక్కర్లేదు, నాలుగేళ్ళకోసారి అక్రిలిక్ వేసుకున్నా అంతే మంచిది, చవక కూడా.

పిల్లలు సూరత్‌లోనో హైదరాబాదులోనో ఉండి, ఊళ్ళో పెద్దవాళ్ళు ఇద్దరే ఉన్న ఇళ్ళకి నా సలహా వేరు. ఏటా వాళ్ళే ఎక్కి చూసుకోవాల్సిన ఏ పనీ వాళ్ళకి పెట్టకండి. పెంకు బాగుంటే పెంకే ఉంచి, ఏటా మేలో ఒక మనిషికి పని ఒప్పజెప్పి డబ్బు పంపండి. డెబ్బై ఏళ్ళ నాన్న నిచ్చెన ఎక్కి జారిన పెంకు సర్దే పరిస్థితి రాకూడదు.

అద్దెకున్నవాళ్ళు ఇంటాయనతో గొడవ పెట్టుకునే ముందు ఒక సాయంత్రం పైకెక్కి నీళ్ళు పోయే మూతులు శుభ్రం చేసి చూడండి. సగం కేసులు అక్కడే తేలిపోతాయి. మిగతా సగానికి ఫోన్లో ఫొటో తీసి పంపండి, చుక్క పడే చోటుది కాదు, పైన నీరు నిలిచిన చోటుది. మాట తేడాగా పోకుండా ఉంటుంది.

చేతిలో డబ్బు అసలే లేని ఏడాది: గొట్టాల చుట్టూ, పిట్టగోడ మూలల్లో మాత్రమే పాలిమర్ సిమెంటు. శ్లాబు మధ్యని వదిలేయండి. కారడంలో ఎక్కువ భాగం దీంతోనే ఆగుతుంది.

ఎవరితో పని మాట్లాడినా సరుకు, కూలీ, కడుగుడు, పగుళ్ళ పని అన్నీ కలిపి చదరపు అడుగు లెక్కన ధర అడగండి. పూత ధర తక్కువ చెప్పి, పగుళ్ళకి విడిగా లాగడం మామూలు. "పదేళ్ళ గ్యారంటీ" కాగితం ఇస్తే అందులో దేనికి గ్యారంటీయో చదవండి. పూత ఊడకపోవడానికి రాస్తారు, ఇల్లు కారకపోవడానికి రాయరు.

ఎప్పుడు

ఏప్రిల్, మేలో శ్లాబు కడిగి, పగుళ్ళు పూడ్చి, ప్లాస్టిక్ కాగితం పరీక్ష చేయాలి. అక్రిలిక్, తారు షీటు రెండూ రోహిణి కార్తె ముగిసేలోపు అయిపోవాలి. మృగశిర చిటపటలు మొదలయ్యాక అక్రిలిక్ మాట మర్చిపోయి పాలిమర్ సిమెంటుకి మారండి. జూన్ నడుమ రజ పండుగ మూడు రోజులు ఒడియా కూలీలు పనికి రారు. ఆ వారంలోకి పని మిగిల్చారో, సగం కడిగిన శ్లాబు మీదే మొదటి జోరువాన పడుతుంది. జూలైలో కారడం బయటపడితే శ్లాబుని ఏమీ చేయకండి. మందపాటి టార్పాలిన్ పరిచి, అంచుల మీద ఇసుక బస్తాలు పెట్టి, సెప్టెంబరు ఆఖరి దాకా ఓపిక పట్టండి.

మొదటి పెద్ద వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని ఒకసారి పైకెక్కండి, ఉరుములు లేనప్పుడు మాత్రమే. నీరు ఎటు నడుస్తోందో, ఎక్కడ ఆగుతోందో పది నిమిషాల్లో కనిపిస్తుంది. ఆగిన చోట సుద్దముక్కతో పని కాదు, వాన వెలిసి ఆరాక రంగు డబ్బాతో గీత గీయండి. వచ్చే మేలో మేస్త్రి వచ్చినప్పుడు ఆ గీత చూపిస్తే చాలు.

దసరాకి ఇల్లు సర్దేటప్పుడు ఆ టార్పాలిన్ తీసి మడిచి, తాడుతో సహా అటక మీద పెట్టండి. దాన్ని డాబా మీదే బస్తాల కింద వదిలేస్తే అక్టోబరు గాలికి ముందు లేచేది అదే.